పరిశీలించడమైనది

టిక్కు. ఒకటి ఆగితే ఇంకొకటి. టిక్కు, టిక్కు. ఎదురు బల్ల మీద కూర్చున్న తొమ్మిదిమందీ చేతుల్లో పెన్నులు నొక్కుతున్నారు, నావైపు చూడకుండా, నా తలమీదుగా గోడకున్న ‘మంటలు చెలరేగినప్పుడు చేయవలసినవి’ అన్న అట్టను మహా శ్రద్ధగా చదువుతూ. పది గంటలకి రమ్మన్నారు. పదీ పది అయింది. విచారణ గది తలుపు ఇంకా తెరవలేదు, లోపల కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. మూడు వారాలుగా నాకు ఈ టిక్కులే వినపడుతున్నాయి. క్లాసులో బోర్డు వైపు తిరిగితే చాలు, వెనకనుంచి తొంభై పెన్నులు ఒక్కసారిగా, రేకుల మీద వాన మొదలైనట్టు. ఇటు తిరిగితే తొంభై ముఖాలు, చేతులు కట్టుకుని, ఎంత బుద్ధిమంతులో. ఎవర్ని పట్టుకోను, పట్టుకుంటే ఏ నిబంధన కింద పట్టుకోను? పెన్ను నొక్కకూడదని ఏ చట్టంలోనూ లేదు, ఆ సంగతి వాళ్ళకి చెప్పవలసిన లా మాస్టారిని నేనే. ఒకరోజు వెనక వరసలోంచి ఒకడు లేచి, ఎంతో మర్యాదగా, సార్, హాజరు వెయ్యడానికి మనిషికి ఎన్ని సెకన్లు తీసుకుంటారు మీరు అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నవ్వితే గదిలో కాస్త గాలి ఆడుతుంది.

వీళ్ళకి నేనంటే మొదట్నుంచీ పడదు, అది వేరే సంగతి. ప్రోగ్రాములు రాసుకునే పిల్లల మధ్యకి వారానికి రెండు మధ్యాహ్నాలు, కళ్ళు మూతలు పడే పీరియడులో, ‘కృత్రిమ మేధ: నీతి, చట్టం’ అనే పేపరు చంకన పెట్టుకుని వచ్చినవాడిని. మొదటి రోజే, క్లాసంతా లాయరు అని పిలిచే ఒక కుర్రాడు, ఇది రన్ అవుతుందా సార్ అన్నాడు. ఏది బాబూ అన్నాను. ఈ సబ్జెక్టు అన్నాడు. యంత్రం తప్పు చేస్తే బాధ్యత ఎవరిది అని అడిగితే డేటాది అనేవాళ్ళు. డేటాని జైల్లో పెడతామా అంటే పెన్‌డ్రైవులో పెడదాం సార్ అనేవాళ్ళు. నిజం చెప్పుకోవాలంటే నాకూ వాళ్ళ మీద పెద్ద ప్రేమ పుట్టలేదు. వీళ్ళ చేతుల్లో పడబోయే మనుషుల్ని తలుచుకుని జాలిపడేవాడిని, అప్పులడిగేవాళ్ళని, ఉద్యోగాలడిగేవాళ్ళని, ఆస్పత్రిలో వరసల్లో నిలబడేవాళ్ళని. నా చేతుల్లో ఎవరైనా పడతారన్న ఆలోచన రాలేదు. నాలుగో వారంలో ఒక్కరోజు మాత్రం క్లాసు నాది అయింది. బోర్డు మీద తిరస్కరించడమైనది అని రాశాను. దాని కింద, తొలగించడమైనది. మీ ఇళ్ళకి ఇలాంటి ఉత్తరం ఎప్పుడైనా వచ్చిందా అంటే చాలా చేతులు లేచాయి. ఎవరు తిరస్కరించారు, ఎవరు తొలగించారు, ఆ మాటలో వెతకండి అన్నాను. కర్మ ఉంది, క్రియ ఉంది, కర్త ఏడీ? సెలవు మీద వెళ్ళాడు సార్ అన్నాడు లాయరు. తొంభైమందీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పీరియడు అయిపోయాక మొదటిసారి ఒకళ్ళిద్దరు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అందులో ఒక అమ్మాయి, మామూలుగా ఎవరితోనూ మాట్లాడనిది, మరి కర్తని సెలవు మీదనుంచి రప్పించడం ఎలా సార్ అని అడిగింది. అడిగే హక్కుంది, వాడాలి అన్నాను. ఎంత గొప్పగా అన్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆ తొమ్మిదిమందికీ అవతల, ఎదురు బల్ల చివర కూర్చుని ఉంది. తన చేతిలో పెన్ను లేదు. నన్నే చూస్తోంది. టిక్కులకి అలవాటుపడ్డాను గాని ఈ చూపుకి పడలేదు. పేరు తెలియక కాదు, తెలుసు, ఇప్పుడు బాగా తెలుసు, కాని నా తలలో తను ఇరవైతొమ్మిదిగానే స్థిరపడిపోయింది, ఎందుకంటే జాబితాలో తనది ఇరవైతొమ్మిదో పేరు. అదీ ఒక అపరాధమే, మిగతావాటి పక్కన చిన్నది.

జాబితా తయారుచేసింది కాలేజీ కొన్న ఒక సాఫ్ట్‌వేరు. దానికి ‘ముందుచూపు’ అని పేరు పెట్టారు. ఎవరు ఎన్ని గంటలు పాఠాల సైటులో కూర్చున్నారు, ఎన్నిసార్లు తెరిచారు, ఎక్కడ ఆపారు, అన్నీ లెక్కేసి, వీళ్ళు ఎలాగూ తప్పుతారు, పరీక్షకి కూర్చోనివ్వకండి అని పేర్లు ఇస్తుంది. ఒక్క షరతు ఉంది. ఏ పేరైనా సరే, ఒక మనిషి చూసి ఒప్పుకోనిదే నిర్ణయం చెల్లదు. ఆ షరతు రాసింది నేనే. ప్రిన్సిపాలుతో వాదించి మరీ పెట్టించాను. ప్రతి పేరు పక్కనా విద్యార్థి తన సంగతి రాసుకోవడానికి ఒక గడి ఉండాలని, ఆ గడి పరిశీలకుడికి తప్ప ఎవరికీ కనపడకూడదని, ఇంట్లో విషయాలు, ఒంట్లో విషయాలు ఉంటాయి, అందరి కళ్ళూ పడకూడదని, అదీ నేనే రాశాను. అయితే ఆ మనిషివి మీరే అవ్వండి మాస్టారూ అన్నాడు ప్రిన్సిపాలు. గర్వంగా ఒప్పుకున్నాను. పేజీ అడుగున ఒకే ఒక బటను, దాని మీద, ఏ గుమాస్తా రాసిచ్చాడో, పరిశీలించడమైనది. నొక్కితే పేజీ మూసుకుపోతుంది, మళ్ళీ తెరవడం కుదరదు. ఆ మాట మీద ఒక పీరియడంతా వెక్కిరించి వచ్చినవాణ్ణి, నెల తిరక్కుండా అదే మాటని నలభై ఒక్కసార్లు వరసగా నొక్కాను.

ఆరు వారాలైంది. గడువు ఆఖరి రోజు, సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. నా బల్ల మీద తొంభై జవాబు కాగితాలు, మర్నాటికి దిద్ది ఇవ్వాలి, ప్రశ్న ఏమిటంటే ‘యంత్రం నిర్ణయాలపై మానవ పర్యవేక్షణ ఎందుకు అవసరం?’ దిద్దుతూ దిద్దుతూ, గడియారం చూసి, పక్కకి తిరిగి, తెర మీద నొక్కుతూ పోయాను. ఆ పేజీలు తెరుచుకుంటున్నాయి, నా కళ్ళు వాటిమీదే ఉన్నాయి, లోపల మాత్రం దిద్దుతున్న కాగితమే నడుస్తోంది. ఆ కాగితం ఎవరిదో కూడా గుర్తుంది. మనిషి ఉంటే చాలదు, మనిషి చూడాలి, చూస్తాడని మనకెవరు హామీ అని రాసింది ఈ అమ్మాయి. పక్కన ఎర్రసిరాతో ‘ఆధారం?’ అని రాసి రెండు మార్కులు కోశాను. కోసి, అటు తిరిగి, ఇంకో పేరు నొక్కాను.

ఎదురు బల్ల మీద ఒక పిల్ల లేచి సంచీ తీసి కింద పెట్టింది, ఫైళ్ళు మోసుకొస్తున్న గుమాస్తాకి దారి ఇవ్వడానికి. అటువెళ్ళిన గుమాస్తా మళ్ళీ బయటికి వచ్చి ఒక గ్లాసు నీళ్ళు నా పక్కన పెట్టి, మూత కూడా పెట్టి వెళ్ళాడు. ఇలాంటివి ఈమధ్య లెక్కపెట్టుకోవడం అలవాటైంది. బస్సులో ఎవరో కిటికీ పక్కకి జరగడం, మందుల షాపువాడు చిన్న అక్షరాలు తనే చదివి చెప్పడం. మా ఆవిడ పోయాక వచ్చిన అలవాటు. పోయి ఏడాదిన్నర. నర్సుగా ఇరవై ఆరేళ్ళు చేసింది, మాత్ర ఇచ్చాక చార్టులో సంతకం పెట్టే ముందు రోగి చేత నోరు తెరిపించి నాలుక పైకెత్తించేది. పాపం ముసలివాళ్ళని ఎందుకలా, ఇచ్చానని సంతకం పెడితే పోలేదా అనేవాణ్ణి. ఇచ్చానని కాదండీ నేను పెట్టేది, లోపలికి పోయిందని అనేది. అన్నం వడ్డిస్తూ అనేది, మామూలుగా, నేను పేపరు చదువుకుంటుండగా. అప్పుడు కూడా సరిగ్గా విన్నానా అంటే, విన్నట్టే ఉంది, ఏమో.

వీళ్ళు లెక్క బయటికి లాగిన తీరు చూస్తే మాత్రం మాస్టారుగా పొంగిపోవాలి. కంప్యూటరు నిర్ణయం వెనక ఏం నమోదైందో అడిగి తెచ్చుకునే హక్కు గురించి చెప్పిన రోజు, అర్జీ ఎలా రాయాలో బోర్డు మీద నేనే రాసి చూపించాను. పరీక్షకి అనర్హులని తేలిన నలభై ఒక్కమందీ అక్షరం పొల్లుపోకుండా అదే అర్జీ పెట్టారు. అందులో ‘ధృవీకరణ’ అని ఉంది, నలభై ఒక్క కాగితాల మీదా. అది ధ్రువీకరణ, ధ కింద రవత్తు, వట్రుసుడి కాదు. పాతికేళ్ళుగా ఆ ఒక్క తప్పూ రాస్తూనే ఉన్నాను, ఆవిడ దిద్దుతూనే ఉండేది, వట్రుసుడి కాదండీ అని. దిద్దేవాళ్ళు లేక అది నలభై ఒక్క చోట్లకి పాకింది. అర్జీలకి జవాబుగా లాగ్ వచ్చింది, ఎవరు ఎప్పుడు ఏ పేజీ తెరిచి ఎప్పుడు మూశారో గంట నిమిషం సెకనుతో సహా. నాలుగూ ముప్ఫై ఒకటికి మొదలు, నాలుగూ నలభై రెండుకి పూర్తి. పదకొండు నిమిషాలు. అందులో నలభై పేర్లకి సగటున పదకొండేసి సెకన్లు. ఆ లెక్క లాయరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీసి, కూర్చున్నాడు. నేను వచ్చేసరికి ఎవరూ చెరపలేదు. నేనే చెరిపాను, అప్పుడే మొదటిసారి ఆ పెన్నుల చప్పుడు విన్నాను.

నలభై పేర్లకి పదకొండేసి సెకన్లు. ఇరవైతొమ్మిదో పేరుకి మూడు నిమిషాల నలభై సెకన్లు. ఇదీ అసలు ముల్లు. క్లాసుకి తెలిసింది ఏమిటంటే, మాస్టారు అందర్నీ చూడకుండా కొట్టేశాడు, ఈ ఒక్క అమ్మాయి రాసుకున్నది మాత్రం కూర్చుని, తీరిగ్గా, పైనుంచి కిందదాకా చదివి, చదివి కూడా కొట్టేశాడు. మూడు వారాల కిందట పీరియడు మధ్యలో తను లేచింది. గొంతు పెంచలేదు. సార్, చదివి కూడా ఎలా నొక్కారు అంది. పెన్నులు ఆగిపోయాయి. విచారణలో ఉన్న విషయం, మాట్లాడకూడదమ్మా అన్నాను. చట్టప్రకారం సరైన జవాబు, నూటికి నూరు మార్కులు. గడిలో ఏం రాశావని తర్వాత ఒకసారి వరండాలో అడగబోయాను. మీరు చదివారుగా అని వెళ్ళిపోయింది.

చదవలేదు. ఆ మూడు నిమిషాల నలభై సెకన్లూ నేను ఫోనులో ఉన్నాను. మా అత్తయ్య, అంటే ఆవిడ తల్లి, నాతోనే ఉంటుంది, ఆవిడ పోయాక మా ఇద్దరికీ ఒకరికొకరం తప్ప ఎవరున్నారు. చెవి మిషనులో బ్యాటరీ అయిపోవస్తోంది, కొత్తవి ఎక్కడ పెట్టావని ఫోను. సొరుగులో అన్నాను. వినపడలేదు. సొరుగులో అత్తయ్యా అని అరిచాను. గోధుమరంగు డబ్బానా అంది. కాదు నారింజరంగు అన్నాను. నారింజలు ఎందుకు తెచ్చావు అంది. అలా, తెర మీద ఒక ఆడపిల్ల తన కష్టమేదో రాసుకున్న పేజీ తెరుచుకుని ఉంటే, నేను దానివైపే చూస్తూ నారింజ, నారింజ, రంగు, పండు కాదు అని కేకలు వేస్తున్నాను. దొరికాయి అని అత్తయ్య ఫోను పెట్టేసింది. నేను బటను నొక్కాను.

మరి ఆ మాట ఆ రోజు క్లాసులో ఎందుకు చెప్పలేదు? మూడు వారాలుగా అద్దం ముందు ఇదే అడుగుతున్నాను. ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది, కాంట్రాక్టు ఏటేటా రాసుకునేదే. కాని మూలాన ఉన్నది అది కాదు. చదివి కొట్టేసినవాడు అంటే కఠినుడు అవుతాడు. కఠినుడికి ఒక గౌరవం ఉంది, వాడి నిర్ణయానికి ఒక వెన్నెముక ఉన్నట్టు కనిపిస్తుంది. చూడనివాడు అంటే ఎవడూ కాడు. బటను మీద ఉన్న ఆ మాటే వాడు. నేను ఆ కఠినుడి చొక్కా తొడుక్కుని మూడు వారాలు తిరిగాను, పసిపిల్లంత మనిషి తన ద్వేషమంతా దానిమీద పోస్తుంటే, పొయ్యనీ అనుకుంటూ.

నిన్న సాయంత్రం ప్రిన్సిపాలు నా గదికి వచ్చాడు, పిలిపించకుండా తనే వచ్చాడు, అదే ఒక హెచ్చరిక. కుర్చీ లాక్కుని కూర్చుని, నా పుస్తకాల అలమర మెచ్చుకుని, మెల్లగా దిగాడు. మిగతా నలభైమందిదీ ఎలాగో సర్దుకోవచ్చు మాస్టారూ, వాళ్ళ తల్లిదండ్రులు ఎక్కడెక్కడో సంతకాలు పెట్టి ఉన్నారు, అసలు చిక్కు ఈ అమ్మాయిది. ఈ ఒక్కదాన్ని చూశారని తేలితే, పరిశీలన జరిగిందని తేలినట్టే, పద్ధతి సరైనదే అని తేలినట్టే. మీరు అబద్ధం ఆడక్కర్లేదు, లాగే చెబుతుంది. మీరు కాదనకుండా ఉంటే చాలు. గొంతు తగ్గించి, మీ ఇంట్లో అంత కష్టం జరిగింది, కమిటీకి ఆ మాత్రం జాలి ఉంటుంది, ఆ సంగతి ఎత్తితే తప్పేమీ లేదు అన్నాడు. అప్పుడు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం నేను ఆవిడని తలుచుకోవడం లేదు. ఎవరైనా టీ తెస్తే బాగుండునని తలుచుకుంటున్నాను. నాలుక ఎత్తించి చూసి సంతకం పెట్టిన మనిషిని నా చూడనితనానికి సాకుగా పెట్టమంటున్నాడు. నోటిదాకా వచ్చిన మాట మింగి, ఆలోచిస్తానండీ అన్నాను. అదే నేను. ఆలోచిస్తానండీ.

సోమవారం పరీక్షలు. ఈ గదిలో నేను చూశాను అన్నా, ఏమీ అనకపోయినా, ఆ అమ్మాయికి ఈ ఏడాది పోతుంది, అందరికంటే ముందు తనకే పోతుంది, ఎందుకంటే గడిలో రాసింది కమిటీకి కూడా కనపడదు, కనపడకుండా కట్టుదిట్టం చేసింది నేనే, తను మళ్ళీ నోరు తెరిచి చెప్పుకుంటే తప్ప. ఎవరికీ చెప్పనని తెగేసి చెప్పిందట. ఒక్కసారి చెప్పాను, చదవాల్సినవాళ్ళు చదివారు, చాలు అందిట. నేను చూడలేదు అంటే మాత్రం ఆ నిర్ణయాలు నలభై ఒకటీ పుట్టనే లేదు. అంతా నా నాలుక కింద ఉంది.

పొద్దున బయలుదేరుతుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడింది. పిల్లలు కేసు పెట్టారని ఆవిడకి పక్కింటివాళ్ళ ద్వారా తెలుసు. తప్పు చేశావా అంది. చేశానత్తయ్యా అన్నాను. గట్టిగా చెప్పు అంది. చేశాను అని వీధికంతా వినపడేలా అరిచాను. సరే, చేస్తే మాత్రం తినకుండా వెళతారా, వచ్చి కూర్చో అంది. కూర్చున్నాను. కంచంలో అన్నం చల్లారకుండా మూతపెట్టి ఉంచింది. మొత్తం తిన్నాను, ఆవిడ చూస్తూ ఉంది కాబట్టి.

తలుపు తెరుచుకుంది. గుమాస్తా నా పేరు, ఆ అమ్మాయి పేరు, పిల్లల తరఫున మా క్లాసు లాయరు పేరు పిలిచాడు. లేస్తుంటే మోకాలు పట్టేసింది, ఒక క్షణం బల్ల పట్టుకుని నిలబడ్డాను, లాయరు నా ముందునుంచి వెళుతూ తలుపు వెనక్కి పట్టుకున్నాడు నేను దాటేదాకా, ముఖం మాత్రం అటే తిప్పుకుని. గదిలో పొడుగాటి బల్ల, ఆ తల దగ్గర గణితం మేడం, అధ్యక్షురాలు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, పక్కన ప్రిన్సిపాలు, ఈ పక్క గుమాస్తా, వేళ్ళు మీటల మీద. ఎండ సూటిగా నా కుర్చీ మీద పడుతోంది. కూర్చున్నాను. మేడం కాగితాలు సర్ది, ఉపోద్ఘాతాలు లేకుండా, ఇరవైతొమ్మిదో పేరుతో మొదలుపెడదాం అంది. లాగ్ ప్రకారం ఆ పేజీ మూడు నిమిషాల నలభై సెకన్లు తెరిచి ఉందని చదివింది. ప్రిన్సిపాలు తల ఊపాడు, ఒకసారి నావైపు, ఒకసారి లాగ్ వైపు. ఏమీ అనకుండా ఉంటే చాలు. ఎంత తేలిక. బల్ల మీద ఎవరో గోటితో గీసిన గీత ఒకటి, ఎన్నాళ్ళనాటిదో. ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని చేతులు రెండూ ఒక మడిచిన కాగితం మీద పెట్టుకుని ఉంది. ఆ చేతులకేసి చూశాను. పెన్నుసిరా మరకలు వేళ్ళకి. కంప్యూటరు పిల్లల వేళ్ళకి సిరా ఏమిటి అనుకున్నాను, మొదటిసారి, ఇన్ని వారాలు పాఠం చెప్పి మొదటిసారి.

“మాస్టారూ, అడిగేది ఒకటే,” అంది మేడం. “ఈ అమ్మాయి సంగతి మీరు చూశారా?”

“లేదు మేడం. చూడలేదు.”

ప్రిన్సిపాలు అందుకున్నాడు, దాదాపు నాలుగు నిమిషాలు పేజీ తెరిచి ఉంది గదా, మాస్టారు వినయం కొద్దీ అలా అంటున్నారేమో అన్నాడు. వినయం కాదన్నాను. చెప్పాను. అత్తయ్య, బ్యాటరీ, సొరుగు, నారింజరంగు, అన్నీ, వరసగా, తడబడుతూ. లాయరు నోట్లోంచి నవ్వులాంటిది ఒకటి వచ్చి సగంలో తెగిపోయింది. మేడం కళ్ళజోడు తీసింది. మిగతా నలభై అంది. వాళ్ళనీ చూడలేదు, పేజీలు నా ముందు తెరుచుకున్నాయి అంతే, నేను అప్పుడు జవాబు కాగితాలు దిద్దుతున్నాను అన్నాను. ఏ ప్రశ్నకి జవాబులో అడక్కపోయినా చెప్పాను. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మేడం గుమాస్తా వైపు తిరిగి, నలభై ఒక్క పేర్ల విషయంలో పరిశీలన జరగలేదని నమోదు చెయ్యండి, నిర్ణయాలు చెల్లవు, అందరూ సోమవారం పరీక్ష రాస్తారు అంది. గుమాస్తా వేళ్ళు కదిలాయి. పరిశీలన జరగలేదు. వాన కురవలేదు, బస్సు రాలేదు, పరిశీలన జరగలేదు. ఆ వాక్యంలో నాకు బోలెడంత చోటుంది, కాళ్ళు చాపుకుని దాక్కోవచ్చు. మేడం దయకొద్దీ ఇచ్చిన చోటు అది, నాకు తెలుసు.

“అలా వద్దండీ,” అన్నాను గుమాస్తాతో. “నేను చూడలేదు అని రాయండి.”

అతను మేడం వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. అతను రాసింది చెరిపి మళ్ళీ కొట్టాడు. ప్రిన్సిపాలు తన కాగితాలు సర్దుకుంటూ, సోమవారం నుంచి ఈ పేపరు ఎవరు చెప్పాలో కూడా చూసుకోవలసి ఉంటుంది అన్నాడు, గోడతో అన్నట్టు. చూసుకోండి అన్నాను. భయం ఎక్కడుందో లోపల వెతికాను, ఉంది, ఉన్నచోటే ఉంది, కాని కూర్చుని ఉంది, లేచి తిరగడం లేదు.

లాయరు లేచాడు. మీకు థాంక్స్ చెప్పం సార్ అన్నాడు. వద్దు బాబూ అన్నాను. కుర్చీని బల్ల కిందికి నెట్టి వెళ్ళిపోయాడు. వరండాలో కబురు పాకినట్టుంది, ఒక కేక, వెంటనే ఎవరో ఉష్ అనడం. మేడం, ప్రిన్సిపాలు ఒకరి వెనక ఒకరు వెళ్ళారు. గుమాస్తా కాగితం అచ్చుకోసం పక్కగదిలోకి వెళ్ళాడు. ఆ అమ్మాయి మాత్రం లేవలేదు. పరీక్ష రాయబోతున్న పిల్ల ముఖంలా లేదు అది. ఇన్నాళ్ళూ తన్నడానికి ఒక గోడ ఉన్నట్టూ, ఇప్పుడు తన్నితే అక్కడ ఏమీ లేనట్టూ ఉంది. క్షమించమ్మా అన్న మాట తయారుగా ఉంది, కాని అది కూడా నేను నొక్కబోయే ఇంకో బటనులా తోచి ఊరుకున్నాను.

“మీరు చదివి కొట్టేశారనుకున్నాను సార్ ఇన్నాళ్ళూ,” అంది. “రోజూ తిట్టుకునేదాన్ని. అదే నయంగా ఉండేది.”

నిజమే అని తల ఊపాను. తను చేతుల కింది కాగితం మడత విప్పింది. ఆ రోజు గడిలో రాసిందే, తన దగ్గర ఉంచుకున్న నకలు, చేతిరాత, సిరాతో. బల్ల మీదుగా నావైపు తోసింది. అక్షరాలు చిన్నవి, ఎండ కాగితం మీద పడి మెరుస్తోంది. తనే లేచి కిటికీ రెక్క దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆరు లైన్లు. తన ఒంటికి సంబంధించిన సంగతి, తెర ముందు తన గంటలు ఎందుకు తక్కువో, పాఠాలన్నీ అచ్చు తీసుకుని చేత్తో రాసుకుని ఎలా చదువుతుందో. అంతకంటే ఎక్కువ నేను మనసులో కూడా పైకి అనుకోను, ఎందుకంటే చివరి లైను ఇలా ఉంది: ఇది మా క్లాసులో ఎవరికీ తెలియదు, మీకు మాత్రమే చెబుతున్నాను. ఆ ‘మీరు’ ఎవరో రాసేనాటికి తనకి తెలియదు. ఎవరో ఒక మనిషి ఉంటాడని, చూస్తాడని రాసింది. ఒక్కొక్క మాటే, వేలు పెట్టుకుని, చిన్నప్పుడు చదివినట్టు చదివాను. అయ్యాక తల ఎత్తాను.

“చదివానమ్మా.”

తను నా కళ్ళలోకే చూస్తోంది. నమ్మలేదు. నమ్మనక్కర్లేదు కూడా.

“ఇంకోసారి చదవండి సార్,” అంది.

కాగితం దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదటి లైను నుంచి మొదలుపెట్టాను.